సముద్రపు మూలధనము

సముద్రము తరుగనిదనుట కవులకు చెల్లును, శాసనకర్తలకు చెల్లదు. తోడిన కొలది ఊరు చెలమవలె కడలి గూడ ఊరుచుండునని మన పెద్దలు నమ్మిరి. తెప్పయు, తెరచాపయు, గాలమును, చేతితో అల్లిన వలయు మాత్రమే ఉన్న దినములలో ఆ నమ్మకము వలన ఎవరికిని కీడు కలుగలేదు. నేడు మరపడవలు వచ్చినవి. చివుకని నైలాను వలలు వచ్చినవి. నీటి అడుగున చేపల గుంపు ఎచ్చట నున్నదో తెరపై చూపు యంత్రములు వచ్చినవి. సాధనములు మారినవి గాని నమ్మకము మారలేదు. పాత నమ్మకమును, కొత్త సాధనమును ఒకే పడవ నెక్కించినందున పుట్టిన అనర్థమునకు సొరచేపయే మొదటి సాక్షి.

స్వరాజ్యమును గూర్చియు, పన్నులను గూర్చియు వ్రాయవలసిన పత్రికకు సొరచేపలతో పనియేమని కొందరు చదువరులు అడుగవచ్చును. దేశ మనగా పొలములు, గనులు, అడవులు మాత్రమే కాదు. 1976లో పార్లమెంటు చేసిన శాసనము ప్రకారము తీరమునుండి 200 నాటికల్ మైళ్ల వరకు సముద్రములోని సంపదపై ఈ దేశమునకు హక్కు గలదు. హక్కు కలిగినచోట బాధ్యతయు కలుగును. గని తవ్వకములో అక్రమము జరిగిన మనము సభలు జరుపుదుము. అడవి నరికిన అర్జీలు పెట్టుదుము. నీటి క్రింద జరుగు వినాశము మాత్రము మన కంటబడదు గనుక మన మనస్సునకును పట్టదు. తీరమున లక్షల కుటుంబములు ఆ నీటినే నమ్ముకొని బ్రదుకుచుండగా ఈ ఉపేక్ష క్షమింపరానిది.

మేము చెప్పదలచిన దొక్కటే. సొర పంట కాదు, మూలధనము. ఆ మూలధనమును కాపాడుటకు చేసిన చట్టములు ఒడ్డున కాపు గాయుచుండగా సొర నడిసముద్రమున వలలో చచ్చుచున్నది. వల వేయువానిని కాపరిగా చేసికొననంత కాలము ఎన్ని చట్టములు చేసినను ఈ చావు ఆగదు.

మూలధన మనుటకు కారణము చెప్పెదము. కవళ్ల వంటి చిన్నచేప ఏడాది రెండేడుల లోపలనే యీడునకు వచ్చి వేలకొలది గుడ్లు పెట్టును. వాటిలో నూటికి తొంబది నశించినను మిగిలినవి జాతిని నిలుపును. సొర యట్టిది కాదు. దాని తీరు చేపల తీరుకంటె పాలిచ్చు జంతువుల తీరునకు దగ్గర. అనేక జాతుల సొరలు గుడ్లు పెట్టక పిల్లలనే కనును. మన రేవులకు వచ్చు పాలసొర ఒక కాన్పునకు సాధారణముగా రెండు మొదలు ఐదు వరకు పిల్లల నీనును. పెద్ద జాతులు కొన్ని ఈడునకు వచ్చుటకే పది పదునైదేండ్లు పట్టును. కొన్ని జాతులు ఏటేట ఈనవు. రెండేండ్ల కొకసారియో, మూడేండ్ల కొకసారియో ఈనును. శీతల సముద్రములలో ఒక జాతి సొర తల్లి దాదాపు రెండేండ్లు గర్భము మోయును. ఈ వంశము భూమిపై 40 కోట్ల సంవత్సరములకు పైగా నిలిచినది, చెట్లకంటె పాతది. తనను మ్రింగు శత్రువులు తక్కువగా నుండుటచేత మెల్లగా పెరిగి, మెల్లగా కని, చిరకాలము బ్రదుకుట దానికి మేలయ్యెను. మనుష్యుని వల అడ్డము వచ్చిననాడు ఆ మేలే కీడయ్యెను. పాడియావును కోసికొని తిన్నవానికి మరునాడు పాలు లేవు, పెయ్యయు లేదు.

ఇది ఊహ కాదు. 1937 ప్రాంతమున అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున ఒక సంగతి బయల్పడెను. సూప్‌ఫిన్ అని ఆ తీరమువారు పిలుచు సొర కాలేయమున ఎ విటమిను మెండుగా నున్నదని తెలిసినది. అంతకుముందు ఆ రాష్ట్రమున ఏటికి సుమారు 6 లక్షల పౌనుల సొర మాత్రమే రేవులకు వచ్చుచుండెను. 1939 నాటికి అది 90 లక్షల పౌనులకు ఎగబ్రాకెను. ఐరోపాలో యుద్ధము రేగి కాడ్ చేపనూనె దిగుమతులు నిలిచిపోగా కాలేయము ధర ఆకాశము నంటెను. పడవలు హెచ్చినవి, వలలు హెచ్చినవి. ఐదారేండ్లు తిరుగకమునుపే చేప తగ్గినది. ఎంత వల వేసినను మునుపటిలో కొద్దిపాలు మాత్రమే చిక్కుచుండెను. ఇంతలో రసాయన శాస్త్రజ్ఞులు ఆ విటమినును కర్మాగారములలో తయారు చేయ నేర్చిరి. సొర కాలేయమునకు గిరాకి పడిపోయెను. వర్తకుడు లాభము గణించి వెడలిపోయెను. జాలరి ఖాళీ వలతో మిగిలెను. పదేండ్ల సంతకు ఒక జాతి మూలధనము తరిగిపోయెను.

ఆ సంతకు మన తీరము గూడ దూరముగా లేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అప్పటి మద్రాసు ప్రభుత్వమువారు కోజికోడులో సొరనూనె కర్మాగారము నెలకొల్పిరి. సీమనుండి వచ్చు నూనె రాకపోగా స్వదేశపు సొర ఆ లోటును తీర్చినది. అది తప్పని మే మనము. పిల్లలకు కంటిచూపు నిచ్చు మందు అది. ఒక వస్తువునకు సంతలో వెల పుట్టిన వెంటనే ఆ వస్తువు నిచ్చు ప్రాణి ఎంతకాలము నిలుచునని లెక్క వేయు అలవాటు మనకు లేదనియే మా బాధ. నాడు కాలేయము, తరువాత రెక్క, నేడు మాంసము. వెల మారినది గాని లెక్క రాలేదు.

నేటి లెక్క చూడుడు. 1970 మొదలు అర్ధశతాబ్దిలో మహాసముద్రములలోని సొరలు, టేకు చేపలు నూటికి 71 వంతులు తగ్గినవని 2021లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ యేడే మరియొక పరిశీలన, సొరలు, టేకులు, వాటి దాయాదులైన జాతులన్నిటిలో మూడవ వంతుకు పైగా నశించు ప్రమాదములో నున్నవని తేల్చెను. మన దేశము ఈ విషయమున చూచుచు ఊరకున్న పొరుగువాడు కాదు. సొరలను, టేకులను అత్యధికముగా పట్టు దేశములలో ఇండొనేసియాతోపాటు భారతదేశము చిరకాలముగా ముందు వరుసలో నున్నది. కావున ఈ నేరమున మనము సాక్షులము మాత్రమే కాము, పాలివారము.

ఇక చట్టముల సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదట పులిని, ఏనుగును తలచికొని చేసినది. 2001 మే నెలలో ఆ చట్టపు మొదటి పట్టికలో తిమింగల సొరను చేర్చిరి. అదే సంవత్సరము జులైలో సొరలు, టేకులు సమస్తమును ఒక్క కలము పోటుతో ఆ పట్టికలోనే చేర్చిరి. నిన్నటి వరకు సంతలో తూకము వేసిన సరకు నేడు పులితో సమానమయ్యెను. తీరమంతయు గగ్గోలు పుట్టెను. డిసెంబరులో ప్రభుత్వమువారే వెనుకకు తగ్గి పది జాతులను మాత్రము పట్టికలో నిలిపి తక్కినవాటిని విడిచిపెట్టిరి. 2013లో సొరను రెక్కలతో సహా ఒడ్డునకు తేవలయునే గాని రెక్క కోసి మొండెమును నీట పారవేయరాదని నిబంధన చేసిరి. 2015లో సొర రెక్కల ఎగుమతిని బొత్తిగా నిషేధించిరి. 2022లో పార్లమెంటు చట్టమును సవరించి పట్టికలను తిరుగ వ్రాసెను. 2023 ఏప్రిలు నుండి అది అమలునకు వచ్చెను. అంతర్జాతీయ వర్తకమును నియమించు సైటీస్ ఒడంబడిక వారును 2022లో పనామా నగరమున కూడి ఒక పెద్ద సొర కుటుంబమును తమ రెండవ అనుబంధములో చేర్చిరి. కాగితముపై ఇంతకంటె ఏమి కావలయును?

కాగితము కొదువ కాదు, గురి తప్పినది. లోకమునందలి సొర చట్టములలో పెక్కు రెక్కను గురి చూచి చేసినవి. ఒకనాడు అది న్యాయమే. చీనా దేశపు విందులలో రెక్కల పులుసు గొప్పవారి మర్యాద యగుటచే, దూరపు సముద్రములలో రెక్కలు మాత్రము కోసికొని ప్రాణముతో నున్న సొరను నీట త్రోయు క్రూరపు వేట సాగెను. ఆ పనిని నిషేధింపవలసినదే. 2024లో వెలువడిన యొక పరిశోధన ఏమి చెప్పుచున్నది? రెక్కలు కోయుటను నిషేధించు చట్టములు లోకమంతట వ్యాపించిన కాలముననే, 2012 మొదలు 2019 వరకు, వేటలో చచ్చిన సొరల సంఖ్య ఏటికి 7 కోట్ల 60 లక్షలనుండి 8 కోట్లకు పెరిగినది. రెక్కల చట్టము చావును తగ్గింపలేదు. సొరను పట్టుటయే, పట్టినను ఉంచుకొనుటయే నిషేధించిన కొన్ని ప్రాంతములలో మాత్రము కొంత మేలు కనబడినది.

మన దేశమున ఈ గురి మరింత తప్పినది. ఇచట రెక్క కొరకు సొరను పట్టి మొండెము పారవేయు ఆచారము బహు తక్కువ. మనవారు మాంసము తిందురు, ఎండబెట్టుదురు, అమ్ముదురు, రెక్క పైలాభము. మన రేవులకు వచ్చు సొరలలో పెక్కు, సొర కొరకు వేసిన వలలో పడినవి కావు. రొయ్యకును, ఇతర చేపలకును వేసిన వలలలో చిక్కినవి. రెక్కల ఎగుమతి ఆగినంత మాత్రమున రొయ్యల వల సొరను వడగట్టి విడువదు. కావున 2015 నిషేధము జాలరికి వచ్చు రాబడిని తగ్గించెను, దొంగవర్తకునకు త్రోవ చూపెను, సొర చావును ఆపుట మాత్రము దాని చేతిలో లేకపోయెను. కన్యాకుమారి జిల్లా తూత్తూరు మత్స్యకారులు తరతరములుగా నడిసముద్రమున గాలములతో సొరను వేటాడుటలో పేరొందినవారు. 2001 నాటి దెబ్బయు, 2015 నాటి దెబ్బయు మొదట వారి వీపుననే పడినవి. ఏది పడిన దానిని ఊడ్చుకొని వచ్చు మరపడవకు ఆ దెబ్బ తగిలినది తక్కువ.

న్యాయస్థానములలో నిలిచి చట్టము చదువు వృత్తిలో నున్నవారము గనుక మరియొక మాట చెప్పెదము. శిక్షాచట్టమునకు మొదటి లక్షణము, ఏది నేరమో నేరము చేయువానికి ముందుగా తెలియుట. మొదటి పట్టికలోని ప్రాణిని చంపిన వానికి మూడేండ్లకు తక్కువగాక ఏడేండ్ల వరకు చెరసాల విధింపవచ్చును. ఆ పట్టికలోని గంగాసొరకును, పట్టికలో లేని దాని జ్ఞాతులకును గల భేదమును గుర్తించుటకు నేర్చిన శాస్త్రజ్ఞులే తడబడుదురు. చీకటిలో వల లాగు జాలరికి అది ఎట్లు తెలియును? రేవులో నిలిచిన కానిస్టేబునకు ఎట్లు తెలియును? తెలియని నేరమునకు భయపడి జాలరి చేయు పని యొక్కటే: చిక్కిన దానిని ముక్కలు చేసి దాచుట, లేదా చెప్పక నీట పారవేయుట. చేప చచ్చును, లెక్కకు రాదు. చట్టము అజ్ఞానమును శిక్షించుచు విజ్ఞానమును గూడ పోగొట్టుకొనుచున్నది.

ఒకప్పు డిట్లు లేదు. 1803లో పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లాండు పండితుడు విశాఖపట్టణమున సేకరించిన 200 చేపల బొమ్మలతో, వర్ణనలతో లండనులో గ్రంథము ప్రకటించెను. అందు చేపలకు మన తీరపువారు పెట్టుకొన్న పేర్లే ఆంగ్లలిపిలో వ్రాసెను. పాలసొర పేరు అందున్నది. సొర అను మన తీరపు మాటయే నేటికిని శాస్త్రజ్ఞులు ఒక జాతికి పెట్టిన లాటిను పేరులో నిలిచియున్నది. కంపెనీ కొలువులోని పరదేశి జాలరి నడిగి చేపను తెలిసికొనెను. మన స్వదేశ ప్రభుత్వము జాలరి నడుగకయే చేపకు చట్టము చేసినది. ఇందు సిగ్గు ఎవరిదో చదువరులే నిర్ణయింతురు గాక.

అట్లయిన చట్టములే వలదందుమా? అనము. తిమింగల సొరకును, రంపపు ముక్కు సొరకును, మరి కొన్ని అరుదైన జాతులకును పూర్తి అభయ మీయవలసినదే. ఇచట మరియొక జాగ్రత్త గూడ చెప్పుట మా ధర్మము. సొరను కాపాడవలయునను తొందరలో కొందరు బలహీనమైన సాక్ష్యమును ముందుకు తెచ్చుచున్నారు. అమెరికా తూర్పుతీరమున పెద్ద సొరలు తగ్గుటచే ఒక జాతి టేకులు పెచ్చు పెరిగి ఆలిచిప్పలను తినివేసినవని 2007లో ప్రకటితమైన కథ లోకమంతట వ్యాపించినది. 2016లో ఇతర శాస్త్రజ్ఞులు ఆ లెక్కలను తిరుగ పరీక్షించి అది నిలువదని చూపిరి. మంచి వ్యాజ్యమునకు చెడ్డ సాక్షి అక్కరలేదు. సొర నెమ్మదిగా కనును, మనము వేగముగా చంపుచున్నాము, ఈ రెండు సంగతులే తీర్పునకు చాలును. ఇక సొర క్రూరజంతువను మాటకు జవాబు: లోకమంతట సొర కాటునకు చచ్చు మనుష్యులు సగటున ఏటికి పదికి లోపే. మనము చంపుచున్నవి కోట్లు.

కూటికి లేనివాడు సొరను కాపాడునా యని పట్టణములలో కుర్చీలపై కూర్చుండి అడుగువారు కలరు. ఆ ప్రశ్న అడుగువారు చరిత్ర చదువలేదు. వానకాలమున చేపలు గుడ్లు పెట్టు వేళ మరపడవల వేట ఆపవలయునని కేరళమున పోరాడినది చిన్న పడవల మత్స్యకారులే. వారి ఉద్యమ ఫలముగా 1988లో అక్కడ ఆ నిషేధము వచ్చెను. 1991 తరువాత కేంద్ర ప్రభుత్వమువారు విదేశీ నౌకలకు మన లోతుసముద్రపు తలుపులు తెరువగా సమ్మెలు చేసి దేశము నాలుగు మూలలను కదిలించినదియు వారే. 1996లో మురారి సంఘము ఆ అనుమతులను రద్దుచేయుమని నివేదిక నిచ్చినది. తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు వేట ఆగుచున్నదన్న, అది ఆ పోరాటముల సంతానమే. ఆకలిగొన్నవాడే విత్తనపు గింజ విలువ ఎరుగును. గాదె నిండినవానికి గింజ యనిన తిండి మాత్రమే.

నిదానముగా పట్టిన సొరను పట్టుచునే నిలుపుకొనవచ్చునా? వచ్చును. ఆస్ట్రేలియా దక్షిణ తీరమున రెండు జాతుల సొరలు ఒకే నీట ఒకే వలలకు చిక్కుచుండెను. గమ్మీ సొర అనునది నాలుగైదేండ్లకు ఈడునకు వచ్చి మెండుగా పిల్లల నీనును. అక్కడివారు వల కన్నుల కొలతను ఆరు, ఆరున్నర అంగుళముల మేరకు నియమించిరి. చిన్న పిల్లలు కన్నులలోనుండి జారిపోవును. పెద్ద తల్లులు తల దూరక తప్పించుకొనును. నడిమి ఈడువి మాత్రమే చిక్కును. ఏటికి ఇంతయని హద్దును పెట్టిరి. ఆ వేట నేటికిని సాగుచున్నది. రెండవది, స్కూల్ సొర యని అక్కడివారు పిలుచునది, నెమ్మదిగా ఈడునకు వచ్చునది. అదే వలలలో క్షీణించి 2009లో రక్షణ కావలసిన జాతుల పట్టికకు ఎక్కెను. ఆ రెండవ జాతి ఏదో కాదు. కాలిఫోర్నియాలో కాలేయమునకై తుడిచిపెట్టిన సూప్‌ఫిన్ సొరయే. ఒకే సముద్రము, ఒకే వల. ఒక జాతి నిలిచినది, ఒకటి కూలినది. కావున సొరలన్నిటికి ఒకే చట్ట మనుట తెలివి కాదు. జాతి నెరిగి, వల నెరిగి నియమము చేయవలయును.

మన దేశములోనే మరియొక దృష్టాంత మున్నది. గుజరాతు తీరమున వెరావలు ప్రాంతమున 1990ల యందు తిమింగల సొరను కొక్కెములకు పీపాలు కట్టి వేటాడుచుండిరి. ఆ పీపాల మూలముననే దానికి అక్కడ బ్యారెల్ అను పేరు వచ్చెను. ఏటేట వందల కొలది కూలినవి. మాంసము సముద్రములు దాటి పోయెను. 2001లో చట్టము వచ్చినది. చట్టముతోనే పని కాదని తెలిసి 2004లో వన్యప్రాణి సంఘమువారు, పరిశ్రమవారు, అటవీశాఖవారు కలసి తీరమున ప్రచారము మొదలుపెట్టిరి. రామకథ చెప్పు మొరారి బాపు జాలరులతో మాటాడెను. ఈ సొర పరాయి మృగము కాదు, కాన్పునకు పుట్టినింటికి వచ్చు ఆడపడుచు అని చెప్పెను. దానికి వహాలీ, ప్రియమైనది, అని పేరు పెట్టిరి. వలలో చిక్కిన సొరను విడుచుటకు వల కోసిన జాలరికి నష్టపరిహార మిచ్చు ఏర్పాటు చేసిరి. నిన్న చంపిన చేతులే వల కోయ నేర్చినవి. అట్లు విడువబడిన సొరలు నేటికి వందల సంఖ్యలో నున్నవి. చట్టము భయమును పుట్టించెను. మర్యాద మనస్సును మార్చెను. పరిహారము కడుపును నిలిపెను. మూడును కలిసిననాడు పని జరిగినది.

మన ఆంధ్ర తీరపు జాలరి అంతకంటె తక్కువవాడు కాడు. 2021 డిసెంబరులో విశాఖపట్టణమునకు సమీపమున తంతడి ఒడ్డున వలలో చిక్కిన పెద్ద తిమింగల సొరను అటవీశాఖవారును, మత్స్యకారులును కలసి తిరిగి సముద్రమునకు చేర్చిరి. చేయదలచిన చేయగలరు. కావలసినది ఒక దినపు దయ కాదు, నిత్యమైన ఏర్పాటు.

ఏమి చేయవలయునో వరుసగా చెప్పెదము. మొదటిది, లెక్క. ప్రతి రేవునను ఏ జాతి సొర ఎంత వచ్చినది, పిల్లయా తల్లియా, ఏ వలలో పడినది అని వ్రాయు మనుష్యుడుండవలయును. ఆ మనుష్యుడు ఆ పల్లెలో చదువుకొన్న బిడ్డయే యగుట మేలు. రెండవది, తెలివిడి. రక్షణ గల జాతుల బొమ్మలు, తెలుగు పేర్లతో, తీరపు పల్లె పల్లెను గోడలపై నుండవలయును. ఆ పేర్లు జాలరులు చెప్పినవి కావలయును. మూడవది, సొర పిల్లలు పెరుగు చోట్లు. నదీముఖములు, మడ అడవుల దాపు నీళ్లు అనేక జాతులకు పురిటిగదులు. గోదావరి, కృష్ణల సంగమములలో అట్టి చోట్లు గుర్తించి, పిల్ల లీను నెలలలో ఆ చోట్ల మరపడవ వల వేయకుండ చేయవలయును. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టము వేట చోటులను, వేళలను, పనిముట్లను నియమించు అధికారమును ప్రభుత్వమునకు ఇచ్చినది. కొత్త చట్టమక్కరలేదు; ఉన్నదానిని నడపు ధైర్యము కావలయును. నాలుగవది, పరిహారము. కాపాడవలసిన ప్రాణికై వల కోసిన జాలరికి నెలలు తిరుగనీయక సొమ్ము ముట్టవలయును. గుజరాతునకు తగినది మనకు తగకపోదు. ఐదవది, ఆలోచన. సొరలపై ఇక ఏ నిబంధన చేసినను ముందు తీరపు సంఘములలో చదివి వినిపించి వారి మాట వ్రాసికొని పిమ్మట చేయవలయును. 2001 జులైలో చేసి డిసెంబరులో చెరిపికొన్న అవమానము మరల రాకూడదు.

పట్టణములలోని మా చదువరులకును ఇందు వంతు గలదు. బాలింతకు పాలు పడునని పాలసొర పెట్టుట మన తీరపు వాడుక. సొరపిట్టు ఇష్టపడని తీరవాసి అరుదు. తినవలదని మేము శాసింపము. పెద్ద సొరల మాంసమున పాదరసము పేరుకొనునని, గర్భిణులును బాలింతలును వానిని మానవలయునని అనేక దేశముల ఆరోగ్యశాఖలు హెచ్చరించుచున్నవి. గృహస్థులు ఆ సంగతి తెలిసికొనుట మంచిది. సంతలో జానెడు మూరెడు సొరపిల్లలు కుప్పలుగా చవుకకు వచ్చిననాడు చవుక యని సంతోషింపక, ఇవి ఎదిగియుండిన ఎన్ని కనియుండునో యని ఒక్క క్షణము తలచుడు. మూలధనమును చిల్లరగా మార్చి అమ్మునప్పుడు వస్తువు చవుకగనే యుండును. పఠనమందిరముల కార్యదర్శులు ఈ వేసవి సభలలో ఒక సాయంకాలమైన తీరపు మత్స్యకారుని పిలిచి వేదికపై కూర్చుండబెట్టి, నీ తాత కాలమున ఎంత దూరమున సొర చిక్కెడిది, నేడెంత దూరము పోవుచున్నావని అడుగుడు. ఆ జవాబు అనేక నివేదికలకంటె విలువైనది.

స్వరాజ్య మనగా మన సంపదను మనమే దోచుకొను స్వేచ్ఛ కాదు. పరుల దోపిడికి మన మెన్నడో అడ్డుపడితిమి. మన దోపిడికి మనమే అడ్డుపడుట అంతకంటె కష్టమైన స్వరాజ్యము. అడవిని కాపాడుటకు అడవిబిడ్డలతో కలిసినచో అడవి నిలుచునని దేశము నెమ్మదిగా నేర్చుకొనుచున్నది. సముద్రము విషయమున ఆ పాఠము ఇంకను మొదలుకాలేదు. వలకన్ను కొలతను నిర్ణయించు సభలో వల పట్టువానికి పీట వేయుడు. సొర నిలుచును, సొరతో వాని కూడును నిలుచును. లేనిచో మనుమలకు సొర పేరు రస్సెల్ గ్రంథములో మాత్రమే చూపవలసిన దినము వచ్చును. ఆ దినము రానీయకుండుట మన చేతిలోనే యున్నది.